ఒకే మబ్బు పిల్లలు

మా నాయన మెదక్‌లో లెక్కల మాస్టారు. నన్ను హైదరాబాద్ పంపి ఖగోళశాస్త్రం చదివించడం వల్లే నాకు నోరు లేచిందని ఆయన గట్టి నమ్మకం. అందుకే చెల్లెలు ఇంటర్ పాసై, డిగ్రీకి తానూ హైదరాబాద్ వెళ్తానంటే గుమ్మం దాటనివ్వనన్నారు.

"ఒక్క కడుపుల పుట్టినోళ్లు. ఇదొక్కటి వేరే తీరుగుంటదా?"

చెల్లెలు అన్నం మానేసి మూల కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. కానీ ఎదురు మాట్లాడితే ఆయన మాట నిజమని నేనే రుజువు చేసినట్టవుతుంది. అందుకని ఆదివారం చర్చి నుంచి వచ్చి మటన్ కూర ముందు కూర్చున్నాక, మహా బుద్ధిమంతురాలిలా నా పరిశోధన సంగతి ఎత్తాను.

"గోళాకార తారాగుచ్ఛమంటే, నాయినా, లక్షల నక్షత్రాల గుంపు. అన్నీ ఒక్క మబ్బులకెళ్లి పుట్టినయంటరు."

"మంచిది," అన్నారు ఎముక చీకుతూ.

"వాటిల్ల ముసలివై, ఉబ్బి, ఎర్రబడ్డయి ఉంటయి. వాటి వెలుగును విడదీసి చూస్తే అన్నిట్ల ఒక్కతీరు సరుకే ఉండాలె గద? లేదు! ఒకదాంట్ల నైట్రోజన్ మస్తు, కార్బన్ తక్కువ. పక్కదాంట్ల ఉల్టా."

వడ్డిస్తున్న చెల్లెలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాయన నమలడం ఆపారు.

"ఎందుకట్ల?"

"పుట్టినప్పుడే తేడా ఉన్నదని కొందరు సైంటిస్టులంటరు. వయసైనంక లోపల ఉడికింది అడుగునుంచి పైకి తేలుతదని కొందరంటరు."

"ఏది నిజం?"

"తెల్వదు నాయినా. ఇంకా కొట్లాడుతున్నరు."

"అబ్బో! నీ నోట 'తెల్వదు' అనే మాట ఇన్నాళ్లకు విన్న!"

ఆ సంతోషంలో ఇంకో ముక్క వేయించుకున్నారు. దాన్ని ఎముక దాకా చీకారు. ఏదో ఒకటి అనేసి చెడగొట్టుకుంటానని నోట్లో పెద్ద ముద్ద కుక్కుకున్నాను.

"పుట్టుకతోనే ఉన్నదైతే, ఇంట్ల కూసవెట్టి నేను మార్చేదేం లేదు," అన్నారు చివరికి. "లోపట ఉడుకుతున్నదైతే, మూతపెడితే ఆగేది లేదు. సరే, పోనీ తియ్."

చెల్లెలు బోరున ఏడ్చేసింది. నాకూ కళ్లు నిండాయి, అందులో సగం గెలిచిన గర్వం. నాయన తీరిగ్గా చేయి కడుక్కుని నావైపు తిరిగారు.

"గని మీ పెద్దోళ్లకు మూడో వాదం తట్టలేదా? పక్కనున్నదాని సరుకు అంటుకుంటది. ఇది నీ రూముల ఉండదు. హాస్టల్ల ఉంటది."