ఐస్‌లాండ్‌లో ఎర్రచుక్క

ఆవగింజంత ఎర్రచుక్క ఒకటి చాలా ఏళ్లుగా నా గుండె మీద కూర్చుని ఉంది. దాని సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు, అదే నా ధైర్యం. నవ్వొస్తే నవ్వండి. నాకూ వస్తుంది. నవ్వడం అయిపోయాకే బరువు తెలుస్తుంది.

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలే అంటించి ఉన్న రోజులవి. నేను భీమవరం వైపు నుంచి వచ్చి, ఏదో కోర్సు పూర్తిచేసి, పంజాగుట్టలో చిన్న ఉద్యోగంలో కుదురుకున్నాను. తీరిక దొరికితే బ్లాగు రాసేవాణ్ణి. కంప్యూటర్లో తెలుగు టైపు చేయడం ఎలా, బ్లాగు రంగులు మార్చడం ఎలా, ఏ పని ఏ సైటులో ఉచితంగా అవుతుంది, ఇలాంటి చిట్కాలు. చదివేవాళ్లు తక్కువ. నాకున్న ఒకే ఒక్క శిష్యుడు శామ్యూలన్న.

అమీర్‌పేట మైత్రీవనం పక్క సందులో ఆయనది జిరాక్స్ షాపు. కోర్సు నోట్సులు కాపీ తీస్తూ, వచ్చిన పిల్లల కబుర్లన్నీ వినేవాడు. అవి రాయమని నేనే వెంటపడి ఆయనతో బ్లాగు పెట్టించాను. అందులో ఓ పక్కన ప్రపంచ పటం కూడా తగిలించాను. ఎవరు బ్లాగు తెరిచినా వాళ్లున్న చోట ఎర్రచుక్క పడుతుంది. నెల గడిచినా హైదరాబాదు మీద తప్ప చుక్క లేదు. అది ఆయనా, నేనూ.

"మనమే రాసుడు, మనమే సదువుడు. ఇగ బంద్ చేస్తా తమ్మీ" అన్నాడు.

మరునాడు ఆఫీసులో ఆయన బ్లాగులో పెట్టిన కొత్త టపా చదవాలనిపించింది. మా ఆఫీసులో బ్లాగులు తెరుచుకోకుండా చేశారు. దానికి నా దగ్గర ఓ చిట్కా ఉండేది. ప్రాక్సీ సైటు అంటారు. దాని గుండా వెళితే మనం వేరే దేశంలో కూర్చుని చూస్తున్నట్టు కనబడుతుంది. చేతికి తగిలిన దేశం నొక్కాను, పొద్దున సగం, భోజనమయ్యాక సగం చదివాను, ఆ సంగతే మరిచిపోయాను.

సాయంత్రం షాపుకు వెళితే మెషిన్ ఆగిపోయి ఉంది. పిల్లలు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. శామ్యూలన్న వాళ్లను పట్టించుకోవడం లేదు.

"తమ్మీ, ఐస్‌లాండ్ ఏడుంటది?"

"ఎక్కడో పైన, చలిదేశం. ఏంటన్నా?"

"ఆడ మనోడు ఒకడున్నడు. నా బ్లాగు సదువుతుండు."

"పొరపాటున వచ్చుంటాడన్నా."

"పొరపాటున వచ్చినోడు పొద్దుగాల ఒకపారి, అన్నం తిన్నంక ఒకపారి వస్తడా? నీ చిట్కాలకు ఐస్‌లాండోడు రాలేదని నీకు జలన్ అయితుంది. జర చాయ్ తాగు, సల్లబడతవ్."

ఆ చాయ్ అయ్యేలోపు చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆయన ఉస్మానియా బిస్కెట్ అందించాడు.

మొదటిరోజుది పొరపాటే. రెండో రోజు నేను ఆ దేశాన్నే వెతికి నొక్కాను. అది పొరపాటు కాదు.

ఆ తరువాత ఆయన రాత చూడాలి. చలిలో ఒంటరిగా ఉన్న ఆ తమ్ముడికి అర్థం కావాలని ప్రతిదీ విప్పి చెప్పేవాడు. ఎండాకాలం అమీర్‌పేట బస్టాపులో చెమట వాసన, మిర్చిబజ్జీ కొరకగానే నాలుక కాలడం, ఇంటర్వ్యూకు పోయే పిల్లాడు షాపు అద్దంలో టై సరిచేసుకోవడం. చదువుతూ ఆఫీసులో పైకి నవ్వి మేనేజరుకు దొరికిపోయాను. కొన్నాళ్లకు పటం మీద నావి కాని చుక్కలు కూడా పడ్డాయి. నిజమైనవి.

ఇంతలో మా ఆఫీసువాళ్లు ప్రాక్సీ సైట్లకూ తాళం వేశారు. ఐస్‌లాండ్ చుక్క మాయమైంది. ఎన్ని కొత్త చుక్కలొచ్చినా శామ్యూలన్న కంటికి ఆనలేదు. ఒంట్లో బాగోలేదేమో, ఎవరున్నారో పాపం అని బెంగ. సనత్‌నగర్‌లో వాళ్ల చర్చికి నన్ను తీసుకెళ్లి, ఆ తమ్ముడి ఆరోగ్యం కోసం అందరితో ప్రార్థన చేయించాడు. ఆ తమ్ముణ్ణయిన నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఆమెన్ అన్నాను.

ఏం చేయను? మరునాడే నెట్ సెంటరులో కూర్చుని మళ్లీ ఐస్‌లాండ్ వెళ్లొచ్చాను.

తరువాతి ఆదివారం ఆయన చర్చిలో సాక్ష్యం చెప్పాడు. "నా తమ్ముడు కనబడకపాయె. మీరందరు ప్రార్థన చేస్తిరి. మంచిగ లేసి మళ్ల వచ్చిండు." జనమంతా స్తోత్రం అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనేనేమో. బయటికొచ్చాక ఆయన పెట్టించిన బిర్యానీ కూడా తిన్నాను. చాలా రుచిగా ఉంది. అది మరీ సిగ్గు.

ఆయన రాత ఆగకూడదనే కదా చేశాను? అవును. అయితే ఇన్నేళ్లూ నన్ను గుచ్చుతున్నదేమిటి? అబద్ధపు సాక్ష్యమా? అదీ ఉంది. కానీ దానికింద ఇంకోటి ఉంది, దాన్ని చూడటానికి నాకు ఇంతకాలం పట్టింది. ఆయన టపాలన్నీ నేను ఇష్టపడి చదివాను, ఆయనకు అంత దగ్గరి పాఠకుడు ఇంకొకరు లేరు, అయినా బాగా రాశావన్నా అని నా పేరుతో ఒక్క వ్యాఖ్య పెట్టలేదు. గురువునన్న బింకం. శిష్యుడు నాకంటే బాగా రాస్తున్నాడని ఒప్పుకోవడానికి నాకు ఒక చలిదేశం కావలసి వచ్చింది.

ఆయన ఇప్పటికీ రాస్తున్నాడు. ప్రతి క్రిస్మస్ టపా "చలిదేశం తమ్మికి" అనే మొదలవుతుంది. పాత పటం సైటు మూతపడితే, నన్ను అడగకుండానే ఇంకోటి తగిలించుకున్నాడు.

ఈ మాటలన్నీ ఈ ఏటి క్రిస్మస్ టపా కింద వ్యాఖ్యగా పెడుతున్నాను. నవ్వుతాడో, చాయ్ ఇక బంద్ అంటాడో తెలియదు. పేరు రాయను, రెండో పేరాకే పోల్చుకుంటాడు. ఈసారి ప్రాక్సీ లేదు. చుక్క హైదరాబాదు మీదే పడుతుంది. అక్కడే ఉన్నానన్నా.