ఈక గాలానికి రాని కొరమేను

నిన్న దొడ్డివెనక కాలువగట్టున బట్టలు ఆరేస్తూ యథాలాపంగా నీళ్ళవైపు చూశాను. గుర్రపుడెక్క పక్కన జానెడు మేర నీళ్ళు ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి, ఆ కదలిక అడుగున వందలకొద్దీ ఎర్రటి పిల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతున్నాయి. కొరమేను పిల్లలు! మా ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులు వచ్చాక వాటిని మళ్ళీ చూస్తాననుకోలేదు. నా ఈడువాళ్ళకు వేరే చెప్పాలా, తొలకరికి ఏ కాలువలో చూసినా అవే కదా, పైన పిల్లలు, కింద తల్లో తండ్రో కాపలా.

ఆ సంతోషం గంటసేపు కూడా నిలవలేదు. పక్కనున్న చెరువు మా మరిదిది. రొయ్యకు తెల్లమచ్చ రోగం తగిలిందనీ, బ్లీచింగు కొట్టి మర్నాడు పొద్దున్నే నీళ్ళు కాలువలోకి వదిలేస్తాడనీ తెలిసింది. ఆ నీళ్ళు తగిలితే ఒక్క పిల్లా బతకదని ఈ మోకాళ్ళతోనే పరుగున వెళ్ళి, నాలుగు రోజులు ఆగమని బతిమాలాను.

"ఆయ్, మీరన్నది నిజమేనండి వదినగారూ, కానీ చెరువు మొత్తం పోయిందండి. రేపటికి ఖాళీ చెయ్యకపోతే పక్క చెరువులకీ అంటుకుపోద్దండి. చేపపిల్లల కోసం ఆపేనంటే నన్ను ఊళ్ళో ఉండనిస్తారాండి?" అన్నాడు. నిద్రలేక ఉబ్బిపోయిన అతని కళ్ళు చూసి వెనక్కి వచ్చేశాను. ఇక నాకు మిగిలిన దారి ఒక్కటే, పెద్దచేపనూ పిల్లల్నీ పట్టి మా కొబ్బరితోటలో చెట్ల వరసల మధ్య ఉండే నీళ్ళబోదెలోకి మార్చడం. పిల్లలు పాతచీరకు వస్తాయి. పెద్దది మాత్రం వల చూస్తే బురదలో దూరిపోతుంది. దానికి ఈక గాలం ఒక్కటే మందు.

ఈక గాలం మా మేనమామ విద్య. పుంజు మెడ ఈకలు రెండు ఏరి, గాలానికి దారంతో బిగించి కట్టి, వెదురు కర్రతో నీటిమీద ముంచీ ముంచకుండా ఆడించేవాడు. పనీపాటా లేనివాడని ఊరంతా ఆడిపోసుకునేది కానీ, ఆ ఈక నీటిమీద గంతులేస్తుంటే అవతలి గట్టుమీద పోయేవాళ్ళు కూడా నిలబడి చూసేవారు. ఆడపిల్లకెందుకని అమ్మ గొణిగినా నాకూ నేర్పాడు. నేర్పేటప్పుడు పెట్టిన కట్టుబాటు ఒక్కటే, పిల్లలున్న కొరమేను దగ్గర గాలం వేయకూడదు. "అప్పుడది ఆకలికి రాదమ్మాయ్, పిల్లల జోలికొచ్చేరని కోపంతో వస్తాది. అలా వచ్చినదాన్ని పట్టకూడదు" అనేవాడు.

నా పద్నాలుగో ఏట అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగింది కానీ మనిషి లేవలేదు, మంచినీళ్ళ గ్లాసు ఎత్తితే చెయ్యి వణికేది. కొరమేను చారు పట్టిస్తే ఓపిక వస్తుందని డాక్టరుగారు చెప్పారు. కాలువలకు కొత్తనీరు వచ్చి ఎక్కడా చేప పడని రోజులవి. మా రేవు దగ్గరున్నది ఒక్కటే, దాని చుట్టూ ఎర్రపిల్లల గుంపు. మా మేనమామ దాని జోలికి పోలేదు. మంచంలో ఉన్నది తన సొంత అక్కే అయినా, మూడు రోజులు ఊళ్ళన్నీ తిరిగి, మోకాలిదాకా బురదతో, ఖాళీ చేతులతో వచ్చాడు. ఆయన మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

నాలుగోరోజు ఆయన ఆకుమడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళగానే కర్ర తీసుకుని రేవుకు వెళ్ళాను. ఈక నీటిని తాకిందో లేదో, కర్ర విరిగిపోతుందా అన్నంత ఊపుతో వచ్చి పట్టింది. అమ్మ చారు తాగింది, వారానికి లేచి కూర్చుంది, ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు బతికింది. కాబట్టి తప్పు చేశానని ఈనాటికీ అనను. కానీ ఆ సాయంత్రమే రేవులో జెల్లచేపలు చేరి, చెల్లాచెదురైన పిల్లల్ని ఒక్కొక్కటే మింగుతుంటే మెట్లమీద కూర్చుని చూశాను. మేనమామ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మర్నాడు నేను ఆ ఈకలు విప్పేశాను, ఆ తర్వాత మళ్ళీ గాలం పట్టలేదు.

అలాంటి నేను నిన్న ఎదురింటివారి పుంజు మెడ ఈకలు అడిగి తెచ్చుకుని, గాలానికి కట్టి, పిల్లల మధ్య ఆడించాను. ఒక్కసారి రావే తల్లీ, చంపను, తోటలో వదిలేస్తాను అని పైకే అన్నాను. రాలేదు. అటు వేశాను, ఇటు వేశాను, పిల్లల మీదుగా ఈడ్చాను. పొద్దు వాలేదాకా ఏదీ లేవలేదు. కాపలా ఉండాల్సిన పెద్దచేప అక్కడ లేనేలేదు, దాన్ని ఎవరు పట్టుకుపోయారో, ఏ మందునీళ్ళకు చచ్చిందో. నా తరంలో పిల్లల జోలికి పోతే కాలువ మీదపడి కరిచేది. ఇప్పుడు ఎవరేం చేసినా ఊరుకుంటుంది.

చీకటి పడేలోగా చీర కొంగుతో దొరికినన్ని పిల్లల్ని తోడి బోదెలో పోశాను. పొద్దున్న మరిది తూము ఎత్తేశాడు, కాలువ తెల్లగా పారింది. పెద్దతోడు లేని పిల్లలు బతకవని నాకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? అయినా తెల్లారినప్పటినుంచీ బోదె గట్టున కర్ర పట్టుకుని కూర్చున్నాను. వచ్చిన కొంగనల్లా అదిలిస్తున్నాను. నీళ్ళ కిందినుంచి వచ్చేవాటిని ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియడం లేదు.