చీనా మావ ‘వచ్చే ఏడు’

మొన్న టీ తాగుతూ ఉంటే మా మనవరాలు ఫోనులోంచి తలెత్తి, “అమ్మమ్మా, దేశం బయట కూకున్న సర్కారు సర్కారెలా అవుద్దే?” అంది. ఏ దేశమని నేను అడగలేదు. ఈ బర్మాలో, రంగం పట్నంలో ముసలితనం దాకా బతికినవాళ్ళకి ఏ ప్రశ్న మింగాలో బాగా తెలుసు. కానీ ఆ మాటతో లమ్మడా పేటలో మా పాత ఇల్లు, మెట్ల మీద వెల్లుల్లి వేగిన వాసన, ఎదురు వాటాలో చీనా మావ గోడ మీది కాలెండరు కళ్ళ ముందుకొచ్చాయి. చిన్నప్పుడు సరిగ్గా ఈ ప్రశ్నతోనే మా నాన్న ప్రాణం తోడేశాను మరి.

మా అమ్మ ‘అన్నా’ అని పిలిచేది కనక ఆయన మాకు మావ అయ్యాడు. చీనాలో ఓడిపోయిన సైన్యానికి వంటవాడిగా యునాన్ కొండలు దాటి వచ్చి, సైన్యం అడవుల్లో ఉండిపోతే తాను రంగం చేరి, మా వీధిలో నూడుల్స్ బండి పెట్టాడు. రోజుకో కాగితం చింపే ఆయన కాలెండరంటే నాకు వల్లమాలిన కుతూహలం. ఇంగ్లీషు ఏడు ఒకటి, బర్మావాళ్ళది ఇంకోటి, మా నాయనమ్మ పంచాంగంలో ప్లవంగ, ఈయన గోడ మీద చూస్తే యాభై ఆరు! వాళ్ళ రాజుని దింపి సర్కారు పెట్టుకున్న నాటినుంచి లెక్కట అది. ఆ సర్కారేమో సొంత దేశంలోనే రెండో జట్టుతో పోరాడి ఓడి, ముద్రలూ బంగారమూ పాత రాజుల బొమ్మలూ పెట్టెల్లో సర్దుకుని, ఓడలెక్కి ఒక దీవికి పోయి, దేశమంతటికీ ఇప్పటికీ మేమే సర్కారంటోందని నాన్న చెప్పాడు.

“ఓడిపోనాక ఇంకా మేమే అనడవేటి నాన్నా?”

“జపానోల్లొచ్చిన యుద్ధంలో మన తెల్లదొరలు సిమ్లాకి పారిపోయి ఆడ కూకుని బర్మాకి మేమే సర్కారనలేదేటి? కుర్చీ ఎక్కడేస్తే అక్కడే సర్కారు. పో, పోయి సదువుకో.”

నాకు తృప్తి కలగలేదు. ఎదురు వాటాకి పోయి, “మరి నువ్వెప్పుడెల్తావు మావా?” అని అడిగేదాన్ని. కాగితం చింపుతూ, వచ్చీరాని తెలుగులో “వచ్చే ఏడు” అనేవాడు. ఎప్పుడడిగినా అదే మాట.

ఆ వానాకాలం ఊరు ఉడికిపోతోంది. బియ్యానికి క్యూలు, బయటి ప్రపంచానికి మూసిన తలుపులు. చీనా బడిపిల్లలు గెలిచిన జట్టు నాయకుడి బొమ్మ బిళ్ళలు చొక్కాలకి పెట్టుకున్నారని మొదలైన గొడవ వీధుల్లోకొచ్చి, చీనావాళ్ళ కొట్లు తగలబడ్డాయి. ఆ బిళ్ళలంటే మావకి మాకన్నా మంట. అయితేనేం, కర్ర పట్టుకొచ్చినవాడు నువ్వు ఏ జట్టు చీనావాడివని అడుగుతాడా?

మధ్యాహ్నం అరుపులు దగ్గరపడ్డాయి. అమ్మ ఆయన్ని మా ఇంట్లోకి లాగి, నాయనమ్మ మంచం కిందికి తోసింది. మా తాత పోయి ఇంకా పదిరోజులు కాలేదు. మైలని మా గుమ్మానికి తోరణం విప్పేశారు, పసుపు లేదు, ముగ్గు లేదు. అమ్మ పెట్టెలోంచి ఆ పూసల తోరణం తీసి ఎదురు గుమ్మానికి కట్టి, గడపకి పసుపు రాసి, లక్ష్మీదేవి పటం తలుపుకి తగిలించింది.

“మైల సేత్తో పసుపు ముట్టుకుంతావేటే!” అని నాయనమ్మ గోల.

“దేవుడితో తరవాత నాను సెప్పుకుంతాను, ఊరుకోత్తా!”

మెట్ల మీద కాళ్ళ చప్పుడు. తలుపు సందులోంచి చూస్తున్నాను. పసుపు గడప చూసి ఒకడు, “ఇది కులా ఇల్లు” అన్నాడు, ఇండియావాళ్ళ ఇల్లని. గుంపు ఇటు తిరిగింది. మా గుమ్మానికి ఏమీ లేదు.

“ఓలమ్మో, మనది బోడిగా ఒగ్గేసినానే!” అంది అమ్మ. తలుపు బాదారు.

నాన్న తీశాడు. కర్మ చేస్తున్నవాడు, నున్నటి గుండు, ఒంటి మీద పంచె తప్ప ఏమీ లేదు. ఇంతవరకూ మైల మైల అని సతాయించిన నాయనమ్మ మంచం మీద కూలబడి, తెల్లచీర కొంగు మంచం కిందికి అడ్డంగా జార్చి, తాతని తలుచుకుని శోకాలెత్తుకుంది. నిజంగానే ఏడ్చింది, పిచ్చి ముసలిది. ముందున్నవాడు కర్ర దించి, చావింటికి వచ్చినందుకు తల వంచి, దిగిపోయాడు.

మావ బయటికొచ్చి నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. అమ్మ అన్నం పెట్టింది.

తరవాతి ఉగాదికి ఆయనే పసుపు కొనుక్కొచ్చి, “చెల్లీ, నా గడపకీ” అన్నాడు. అప్పటినుంచి చనిపోయేదాకా ఏటా రాయించుకున్నాడు. ఆ ఉగాదినాడు నేను మాత్రం అలవాటుకొద్దీ, “ఎప్పుడెల్తావు మావా?” అని అడిగాను. కాలెండరు వైపు చూసి, నా నెత్తి మీద చెయ్యి వేశాడు, ‘వచ్చే ఏడు’ అనలేదు. మళ్ళీ నేనూ అడగలేదు.

“ఆ సర్కారు తిరిగొచ్చిందా అమ్మమ్మా?” అంది ఇదంతా విన్న మనవరాలు. రాలేదన్నాను. ఆ సర్కారు కాలెండరులో ఏళ్ళు ఇప్పటికీ పెరుగుతున్నాయట. మా మావ ‘వచ్చే ఏడు’ మాత్రం ఆ మధ్యాహ్నం మా నాయనమ్మ మంచం కిందే ఆగిపోయింది.