చెంబెడు పేడనీళ్లు తాగిన పంపు

“నలభై ఏండ్ల పనోన్నంటివి గదా దస్తగిర్ భాయ్! మరి నల్ల తిప్పితే నీళ్లు రాకపాయె, పేడ వాసనొస్తున్నది. గిదేనా నీ పనితనం?”

“నిన్న నేను బిగించింది కొత్త పంపు, సుమిత్రమ్మా. నా దుకాన్ల పేడ అమ్మరు.”

“మరి గాలికొచ్చిందా? రేపు పొద్దుగాల వేల్పూరోళ్లు బాసర పోవాలె. నీళ్లు రాకుంటే బోధన్ మొత్తం నీ పేరు చెప్త!”

వ్యాను కింద వెల్లకిలా పడుకుని, పైపు చూస్తున్నట్టు నటిస్తూ అఖిలేష్ అంతా విన్నాడు. సుమిత్రమ్మ అతని పెద్దమ్మ. వంటగట్టు, సింకు, నీళ్ల ట్యాంకు ఉన్న ఈ పాత వ్యానును యాత్రలకు కిరాయికి తిప్పుతుంది. డ్రైవరు ఇతనే. ఇంజనీరింగు రెండో ఏడు వదిలేశాడు.

పొద్దున నల్లలో నీళ్లు రాకపోయేసరికి అతనికి వర్నిలో సేద్యం చేసే తండ్రి గుర్తొచ్చాడు. కాలువ మోటారు నీళ్లు అందుకోకపోతే బాపు అందులో పేడ కలిపిన నీళ్లు పోసేవాడు. సందులు పూడి నీళ్లు ఎక్కేవి. పొలం మోటారుకు పనిచేసింది అరచేయంత పంపుకు చేయదా అని చెంబెడు తాగించాడు. ఈ తెలివి పరీక్షల్లో చూపించి ఉంటే కాలేజీయే అతనికి దండం పెట్టి ముందే పంపేసేది.

చెరుకు తోటల్లో దస్తగిర్ చెయ్యి పడని మోటారు లేదు. చెవి ఆనించి జబ్బు చెప్పే మనిషి. ఆయన దుకాణానికి బోర్డు కూడా లేదు, పేరే ఆధారం. ఆ పేరు ఇప్పుడు అఖిలేష్ పేడలో మునుగుతోంది. పాకుతూ బయటికొచ్చాడు.

“పేడ నేనే పోసిన, పెద్దమ్మా.”

“సదువు అబ్బలే, పోనీ అనుకున్న. పేడ గూడ అబ్బలేదారా నీకు?” అని సుమిత్రమ్మ విసవిసా లోపలికి పోయింది.

కడగడానికి పంపు విప్పుతుంటే దాని మీద చిన్న బాణం గుర్తు కనిపించింది. నీళ్లు పోయే దిక్కు అది. సింకు వైపు ఉండాల్సింది, ట్యాంకు వైపు చూస్తోంది.

“చాచా, బాణం ఉల్టా ఉన్నది.”

“ఏ బాణం?”

అఖిలేష్ పంపును ఆయన ముక్కు దగ్గరికి తెచ్చాడు. దస్తగిర్ బొటనవేలితో తడిమాడు గానీ చూపు అక్కడ నిలవలేదు. ఇద్దరూ పంపు తిప్పి బిగించి, ట్యాంకూ పైపులూ మూడుసార్లు కడిగారు. నల్లలో తెల్లటి ధార దూకింది.

“వచ్చినయా?” లోపలి నుంచి సుమిత్రమ్మ.

“వచ్చినయమ్మా!” అని కేకేసి, దస్తగిర్ గొంతు తగ్గించాడు.

“బేటా, కండ్ల ఆపరేషన్‌కు వచ్చే నెల రమ్మన్నరు. అప్పటిదాంక రోజు పొద్దుగాల దుకాన్ల వచ్చి కూసో. బిగించుడు నేను చూసుకుంట, బాణం ఎటున్నదో నువ్వు చెప్పు. జర మెల్లగ చెప్పు, గిరాకికొచ్చినోళ్లు వింటరు.”