రెండు అంగుళాల మర్యాద

మొన్న తిరుపతిలో ఒక సైకిళ్ళ షోరూములో, ఏసీ చలికి కొంగు నిండా కప్పుకుని కూర్చున్న నాకు, అమ్మే మనిషి అన్న ఒక మాటతో అరవై ఏళ్ళ నాటి కోపం మళ్ళీ తలకెక్కింది. సూళ్లూరుపేట దగ్గర ఉద్యోగం చేస్తున్న మా మనవరాలు ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే రోజు వరసగా చేసే పోటీకి ఏడాదిగా తయారవుతోంది. పోటీకి నెల కూడా లేదు. ముందుకు వంగి మోచేతులు ఆనించి తొక్కే ఆ రకం బండి అక్కడ ఒక్కటే మిగిలి ఉంది, అదీ దానికి రెండు సైజులు పెద్దది. సరైనది తెప్పించాలంటే రెండు నెలలు పడుతుందట. ఆ మనిషి మాత్రం పెద్ద ఫ్రేమయితే చూపుకు దర్జాగా ఉంటుందని, సీటు దించితే సరిపోతుందని తేల్చేశాడు.

సీటు దించితే సరిపోతుందనే ఆ పనికిమాలిన మాటను నేను మొదట విన్నది మా ఊరి చర్చి సంఘపెద్ద నోట.

మా ఊరు పాకాల దగ్గర. మా నాయన అక్కడ ఉపదేశి. ఆరు పల్లెలు కాలినడకన తిరిగి ప్రార్థనలు జరిపేవాడు. మనిషి పొట్టి. ఆయన నడక చూడలేక సంఘం వాళ్ళు మామిడికాయల కాలంలో చందాలు వేసుకుని సైకిలు కొనిపెట్టాలనుకున్నారు. తలంపు మంచిదే, సంఘపెద్ద చేతిలో పడి చెడింది. ఆయన ఆరడుగుల మనిషి, సైకిలు తొక్కడం రాదు. రానివాళ్ళ దగ్గరే సలహాలు ఎక్కువగా ఉంటాయి. చిత్తూరులో సైకిలు షాపు సాయిబు నాయనను బారు మీదుగా నిలబెట్టి, మోచేతిని సీటు మొనకు ఆనించి, వేలికొనలు హ్యాండిలుకు అందుతున్నాయో లేదో చూసి, ఇరవై రెండు అంగుళాల ఫ్రేము బయటికి తీశాడు. సంఘపెద్ద పెదవి విరిచాడు. పక్క ఊరి ఉపదేశికి ఇరవై నాలుగు ఉండగా మనవాడు పొట్టి బండి మీద వస్తే సంఘానికి మర్యాద ఏముంటుందని, సీటు దించితే సరిపోతుందని, ఇరవై నాలుగే కట్టించాడు.

"బండి బాగుండాదప్పా. దీనికి సరిపడే ఉపదేశిని గూడా యాడన్నా సూసుకోండి" అన్నాడు సాయిబు.

అందరూ నవ్వారు. నాయనా నవ్వాడు. ఆ ఆదివారం సంఘపెద్ద, దేవుడు మనిషి పైరూపాన్ని చూడడని అరగంట వాక్యం చెప్పి, చివర్లో ఆ సైకిలుకు పూలమాల వేయించాడు.

నాయన కాళ్ళు నేలకు అందేవి కావు. ఎక్కడానికి ఒక రాయి, దిగడానికి ఒక రాయి కావాలి. ఏ పల్లె మొదట్లో మైలురాయి ఉందో, ఏ మలుపులో కల్వర్టు గోడ ఉందో ఆయనకు కీర్తనల్లాగా కంఠతా వచ్చేవి. ఒకరోజు గడప మీద కూర్చుని తొడలు ఒత్తుకుంటూ, "ఇది నా బండి కాదు పాపా, మార్సమని అడగతా" అన్నాడు. ఆదివారం బడిలో మా సైకిలే అందరికన్నా ఎత్తని గొప్పలు చెప్పుకు తిరిగే నేను, ఏడ్చి అన్నం మానేశాను. నాయన అడగలేదు.

కొన్ని వారాలకే ఒక వాలులో మేకలమంద అడ్డం వచ్చింది. బ్రేకు పట్టాడు, కాలు ఆనించడానికి నేల అందలేదు, దగ్గర్లో రాయి లేదు. తుంటి విరిగింది. మళ్ళీ ఆయన ఆ ఆరు పల్లెల్లో ఒక్కదానికీ పోలేదు. సంఘపెద్ద మంచం పక్కన మోకరించి దేవుని చిత్తమన్నాడు. ఇన్నేళ్ళుగా వాక్యం చదువుతున్నాను, దేవుని మీద అంత చవకైన అబద్ధం ఇంకొకటి వినలేదు. అది రెండు అంగుళాల గర్వం, అందులో కొంత నాది. రాజు కవచం తొడిగితే ఇది నాకు పనికిరాదని విప్పి పెట్టేసిన గొర్రెల కాపరి కథను నాయన మాకు ఎంత చక్కగా చెప్పేవాడు! తను మాత్రం విప్పలేకపోయాడు.

షోరూములో మనవరాలు ఆ బండి ఎక్కి మోచేతులు ఆనించింది. మెడ సాగింది, నడుము సీటు మొన దాకా జారింది.

"సీటు దించుతావు సరేన్నా, నా చేతులు సాగదీస్తావా?" అంది.

ఈసారికి సర్దుకోమన్నాడు వాడు. మనవరాలు బండి మీదనే ఉండి నా వైపు చూసింది. ఏడాది కష్టమంతా దాని కళ్ళలో నీళ్ళయి నిలిచింది.

"ఇది నా బండి కాదవ్వా."

నేను లేచి హ్యాండిలు పట్టుకుని, దిగు తల్లీ, పోదాం అన్నాను.

తిరుగు బస్సులో పాకాల దారి పొడుగునా రాళ్ళ కోసం చూశాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అన్నీ తీసేశారు. అవి లేకపోతే బండి ఎక్కలేని మనిషి ఇప్పుడు ఆ దారిలో లేడు. ఉన్నప్పుడు ఆయనా మనవరాలు అన్న మాటే అన్నాడు. విన్నది నేనొక్కదాన్నే.