బిల్లు మీద రాయించిన రంగు

2005లో నన్ను ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా తూర్పు ఢిల్లీకి బదిలీ చేశారు. ఆహార కల్తీ నిరోధక చట్టం కింద నమూనాలు తీయడం నా పని. సరుకు వెల ఇచ్చి కొనాలి, నోటీసు ఇవ్వాలి, మూడు భాగాలు చేసి లక్క సీలు వేయాలి. ఒక భాగం ప్రయోగశాలకు, రెండు మా పై అధికారికి. ఇదంతా చూసి సంతకం పెట్టడానికి ఒక సాక్షి కావాలి. అసలు కష్టం అక్కడే. సీలు కనిపించగానే బజారులో జనానికి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

కుటుంబం ఇంకా రాలేదు కనుక లక్ష్మీ నగర్‌లో సుభద్రమ్మ గారి మెస్‌లో తినేవాణ్ణి. ఆవిడది పాలకొల్లు. అక్కడ తినే కోచింగ్ విద్యార్థులందరికీ ఆంటీ. నా ఉద్యోగమేమిటో ఆవిడకు చెప్పలేదు. చెబితే నా ఒక్కడికీ వేరే వంట మొదలవుతుందని భయం.

ఒక ఆదివారం వడ్డించిన బూందీ లడ్డూ అవసరానికి మించి మెరుస్తోంది. మిఠాయిల్లో టార్ట్రజిన్ లాంటి కొన్ని రంగులు పరిమితిలో వాడవచ్చు. వాటి డబ్బా మీద ఐఎస్ఐ ముద్ర ఉండాలి. మెటానిల్ యెల్లో మాత్రం బట్టలకూ తోలుకూ వేసే రంగు. తిండిలో పూర్తిగా నిషిద్ధం. తేడా పట్టడానికి నా సంచిలో ఎప్పుడూ చిన్న సీసాడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉండేది. గ్లాసుడు వేడినీళ్ళలో లడ్డూ ముక్క కలిపి నాలుగు చుక్కలు వేశాను. నీళ్ళు వంకాయ రంగుకు తిరిగాయి. వంటింటి పసుపు వల్ల కూడా కాస్త ఎర్రబడతాయి గానీ, మరిన్ని నీళ్ళు పోస్తే ఆ రంగు పోతుంది. ఇది పోలేదు.

సుభద్రమ్మ గారు నా వెనకే నిలబడి ఉన్నారు.

"ఏంటండీ, నా లడ్డూకి దిష్టి తీస్తున్నారా?"

ఇక నా ఉద్యోగం చెప్పక తప్పలేదు. జైలు శిక్ష పడే నేరమని కూడా చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"రంగు వెయ్యకపోతే నెయ్యి తగ్గించావా ఆంటీ అంటారండీ పిల్లలు. కొట్టువాడు తినే రంగేనన్నాడు. నాకేం తెలుసు?"

పొట్లం తెప్పించి చూశాను. ముద్ర లేదు, పేరు లేదు. పాత ఢిల్లీలో కొన్నారట, బిల్లు ఇవ్వలేదు. సరుకు ఎక్కడ కొన్నదీ అమ్మేవాళ్ళు చెప్పి తీరాలని, బిల్లు లాంటి రాతపూర్వకమైన హామీ ఉంటే నేరం సరఫరాదారు మీదికి పోతుందని చట్టంలో ఉంది. ఆ మాట ఆవిడతో అన్నాను. అన్నది అంతే.

ఆరోజు నా దగ్గర నమూనా సీసాలు లేవు, సాక్షి లేడు. లడ్డూలన్నీ ఫినాయిలు పోసి పారబోయించాను. నమూనా ఎందుకు తీయలేదని తర్వాత మా పై అధికారి నాకు మెమో ఇచ్చారు. ఇవ్వవలసినదే.

మర్నాడు సాయంత్రం ఆవిడ నా ముందు కొత్త పొట్లం, దాంతోపాటు ముద్ర వేసిన బిల్లు పెట్టారు. మెస్‌లో తినే శిరీష అనే సివిల్స్ విద్యార్థినిని వెంట తీసుకుని అదే కొట్టుకు వెళ్ళారట. కోచింగ్ సెంటరు ఫంక్షనుకు పెద్ద ఆర్డరుందనీ, బిల్లు లేకపోతే ఆఫీసులో పాస్ కాదనీ చెప్పారట.

"చేతిరాత బాలేదు భయ్యా అని రెండోసారి కూడా రాయించానండీ," అన్నారు సుభద్రమ్మ గారు.

బిల్లు మీద హిందీలో గుండ్రంగా 'ఖానే కా రంగ్', అంటే తినే రంగు, అని ఉంది.

రెండు రోజుల తర్వాత, కొట్టు చూపించడానికి శిరీషను వెంటబెట్టుకుని నేను అక్కడికి వెళ్ళాను. ఆమె బయటే ఆగింది. నా గుర్తింపు కార్డు చూడగానే యజమాని, "సాబ్, యే తో కప్డే కా రంగ్ హై" అన్నాడు. బట్టల రంగు అమ్మడం తప్పు కాదు. బిల్లు తీసి గల్లా పెట్టె మీద పెట్టాను. తన చేతిరాతను తానే రెండుసార్లు చదువుకున్నాడు.

"వో ఆంటీ కౌన్ థీ?" అని, ఆ ఆంటీ ఎవరో నెమ్మదిగా ఆరా తీశాడు.

జవాబు చెప్పడం నా విధుల్లో లేదు. ఆ రంగు నమూనాకు వెల ఇచ్చి, ఇరుగుపొరుగు కొట్లవాళ్ళను సాక్ష్యానికి పిలిచేలోపే రెండు షట్టర్లు దిగాయి. చివరికి శిరీషే ముందుకొచ్చింది. పెన్ను తీసి, సంతకం చేయకుండా ఆగింది.

"సార్, నోటీసులో మీరు తేదీ వెయ్యలేదు."

నిజమే, వేయలేదు. అదొక్కటి చాలు, కోర్టులో అవతలి వకీలు నన్ను ఉతికి ఆరేసేవాడు. తేదీ వేశాక సంతకం చేసింది.

నివేదికలో మెటానిల్ యెల్లో అనే వచ్చింది. కేసు నాలుగేళ్ళు నడిచాక కొట్టు యజమానికి శిక్ష పడింది. మెమోకు నా సంజాయిషీని, ఇకపై జాగ్రత్తగా ఉండాలన్న హెచ్చరికతో ఆమోదించారు. మెస్‌లో లడ్డూ వెలవెలబోయింది. ఎవరైనా సణిగితే సుభద్రమ్మ గారు గరిటెతో నన్ను చూపించి, "ఆయన్ని అడగండి" అనేవారు.

కల్తీ కేసులో ముందు దొరికే మనిషి చాలాసార్లు సరుకు చేతులు మారే వరుసలో చివరివాడని ఆ వ్యవహారం నాకు నేర్పింది. అప్పటినుంచి ఏ కొట్లోనైనా సీసాలు బయటికి తీసేముందు, సరుకు ఎక్కడిదని అడిగి జవాబు రాసుకునేవాణ్ణి. నేను పెట్టిన కేసులు తగ్గాయి. కోర్టులో నిలబడినవి పెరిగాయి.