ఐబు ముందు చెప్పే మల్లేశు

నిన్న పొద్దున భువనగిరిలో ఒక డీలర్ షాపు ముందు బండి ఆపుతుంటే ఫోన్ వచ్చింది. మల్లేశు తమ్ముడు.

"అన్నా, మల్లేశన్న పోయిండు."

ఏ మల్లేశు అని అడిగాను.

నాకు తెలిసిన మల్లేశు ఒక్కడే. అయినా అడిగాను.

షాద్‌నగర్‌లో ఒక మొబైల్ షోరూంలో సేల్స్ ఇంటర్వ్యూ ఉందని జడ్చర్ల నుంచి బైక్ మీద బయల్దేరాడట. హైవే ఎక్కీ ఎక్కగానే లారీ. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. వీపు మీది బ్యాగులో సర్టిఫికెట్ల ఫైలు ఉంది. దానికి చిన్న మడత కూడా పడలేదు.

ఈరోజు పొద్దున వాళ్ల ఊళ్లో మట్టి చేసి వచ్చాం. ఇంటికొచ్చీ రాగానే ఈ పోస్టు రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

వాడెవరో తెలియనివాళ్లకు చెప్తాను. గొర్లు కాసే ఇంట్లో పుట్టి ఎంబీఏ దాకా చదివిన మొదటి పిల్లగాడు. మహబూబ్‌నగర్‌లో మాది ఒకే కాలేజీ, ఒకే కిరాయి రూమ్. ఇద్దరం అన్ని వాక్-ఇన్ ఇంటర్వ్యూలకూ కలిసే పోయేవాళ్లం.

వాళ్ల బాపుకు అంగడిలో ఒక పద్ధతి ఉంది. గొర్రెను అమ్మేటప్పుడు ముందు దాని ఐబు చెప్తాడు. ఐబు అంటే లోపం. "దీనికి ఎనక కాలు జర కుంటు", "దీనికి ఒక చెవి ఇనవడది" అని చెప్పాకే బేరం. ఐబు దాచి అమ్మినోని మందకు రెండోసారి ఎవడూ రాడని ఆయన మాట.

మల్లేశు ఆ పద్ధతిని ఇంటర్వ్యూలకు తీసుకుపోయాడు. పిచ్చోడు.

నల్గొండలో ఒక లాడ్జి హాలు. వాటర్ ప్యూరిఫైయర్ కంపెనీ. ఐదుగురిని ఒకేసారి లోపలికి పిలిచారు. టేబుల్ మీద మెషిన్ పెట్టి, దీన్ని మాకు అమ్ము అన్నారు. మల్లేశు లేచాడు.

"సార్, ఈ దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటది. దీని ఫిల్టర్ టైముకు మార్చకుంటే మెషిన్ ఉన్నా లేనట్టే. మార్చే ఓపిక ఉంటెనే తీసుకోండ్రి."

హాలంతా నవ్వు.

"నువ్వు కంపెనీ మనిషివా, కస్టమర్ మనిషివా?" అని అడిగాడు పెద్దసారు. మల్లేశు కూర్చున్నాడు.

తర్వాత నేను లేచాను. ఫిల్టర్ గురించి ఫికరే వద్దు సార్, లైఫ్ లాంగ్ సాఫీగా నడుస్తది అన్నాను. నోటికొచ్చిన అబద్ధం.

నేను సెలెక్ట్.

తిరుగు బస్సులో వాడి ముఖమే ఎక్కువ వెలిగింది. "కొట్టినవ్ రా శేఖరూ!" అని నా వీపు వాయగొట్టాడు. పక్క సీటు పెద్దమనిషికి కూడా నాకు నౌకరి వచ్చిందని చెప్పాడు. తనకు రాలేదని మాత్రం చెప్పలేదు.

ఇక అసలు సంగతి. ఇది రాయకపోతే ఈ పోస్టు అబద్ధం.

నౌకరిలో చేరిన కొత్తలో నాకు ఒక్క మెషిన్ కూడా అమ్ముడుపోలేదు. మునుగోడు దిక్కు ఒక ఊళ్లో, ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంకరపోయిన ఒక అవ్వ నన్ను గడప మీద కూర్చోబెట్టి, "ఇది ఎన్నొద్దులు పనిజేస్తది బిడ్డా?" అని అడిగింది. ఆ మోకాళ్లు చూస్తూ అబద్ధం రాలేదు. మల్లేశు హాల్లో చెప్పిన మాటే చెప్పాను. ఆ అవ్వ కొడుకును పిలిచి కొనిపించింది. ఆ వాడకట్టులో ఇంకో రెండిళ్లు కూడా కొన్నాయి.

అప్పటినుంచి ప్రతి ఇంట్లో ముందు ఐబే చెప్పాను. టార్గెట్లు కొట్టాను. కొత్తవాళ్లకు నేర్పమని మేనేజర్ మీటింగ్‌లో నన్ను నిలబెడితే, ఇది నా పద్ధతి అని చెప్పాను.

నా పద్ధతి!

మల్లేశు మాత్రం ఇంటర్వ్యూలకు తిరుగుతూనే ఉన్నాడు. ఇన్సూరెన్స్, ట్రాక్టర్లు, మందుల కంపెనీ. పోయేముందు ప్రతిసారీ నాకు ఫోన్. "జర చెప్పురా, ఏమడుగుతరు?" కొంచెం అబద్ధం ఆడరా అనేవాణ్ణి. సరే అనేవాడు. లోపలికి పోయి మళ్లీ ఐబే చెప్పేవాడు.

పోయిన నెల మా కంపెనీలో మహబూబ్‌నగర్ ఏరియా ఖాళీ అయింది. నీకు తెలిసిన మంచి క్యాండిడేట్ ఉన్నాడా అని మేనేజర్ అడిగాడు.

లేడు సార్ అన్నాను.

ఆ వారమే మల్లేశు కూడా అడిగాడు, "మీ దాంట్ల ఏమన్న ఉంటె చెప్పురా" అని. ఖాళీలు లేవురా అన్నాను.

ఎందుకంటే వాడొస్తే నెల తిరగకముందే అందరికీ తెలిసిపోతుంది, ఆ పద్ధతి ఎవరిదో. అంతే. ఇంకే కారణమూ లేదు. ఆ రోజు మేనేజర్‌కు వాడి పేరు చెప్పి ఉంటే నిన్న వాడికి షాద్‌నగర్ రోడ్డుతో పనే లేదు.

పొద్దున మట్టి పోశాక వాళ్ల బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"మావోనికి నౌకరి కోసం నువ్వు మస్తు కోషిష్ జేసినవంట గద బిడ్డా. మా శేఖర్‌గాడు ఉన్నడు, నాకేం ఫికర్ లేదు అనేటోడు. నీ రుణం ఎట్ల దీర్చుకోవాలె?"

నేను తల ఊపాను. ఆ ముసలాయన ముందు తల ఊపి వచ్చాను.

ఆయన ఫేస్‌బుక్ చూడడు. ఇక్కడ రాస్తే నా పాపం పోదు. దినాలలోపు పోయి, ఆయన ముందు కూర్చుని చెప్తాను. చెప్పానో లేదో మీలో ఎవరైనా నన్ను నిలదీసి అడగండి.

పోయిరా మల్లేశా. నీ నౌకరి నేను చేస్తున్నాను రా.

నువ్వన్నా నిమ్మళంగా ఉండు.